అటకెక్కిన కంప్యూటరుకు ఏ లినక్స్ నప్పుతుంది?

మీ ఇంట్లో పాత కంప్యూటరు ఎక్కడుంది? బీరువా పక్కన, అల్లిక గుడ్డ కప్పుకుని, ఆ గుడ్డ మీద పూలకుండీతో సహా కూర్చుని ఉందా? లేక మూటగట్టి అటక మీదికి ఎక్కించేశారా? పదీ పన్నెండేళ్ల కిందట పాతిక ముప్ఫై వేలు పోసి, పిల్లల చదువు కోసమని కొన్న వస్తువు. పసుపు కుంకుమ పెట్టి మరీ ఆన్ చేసి ఉంటారు. ఇప్పుడేమో స్విచ్ వేసి, పొయ్యి మీద పప్పు పెట్టి, అది ఉడికి తాలింపు కూడా అయ్యాక వచ్చి చూస్తే తెర మీద చక్రం ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది!

"అది పాడైపోయింది" అనేస్తాం. చాలా ఇళ్లలో ఆ మాట నిజం కాదు. కంప్యూటరు బాగానే ఉంటుంది, దానిలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ దాని శక్తికి మించిన బరువైపోయి ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటని కంగారుపడకండి. మీరు కీబోర్డు మీద నొక్కింది తెర మీద కనబడాలన్నా, ఫొటో తెరుచుకోవాలన్నా, ప్రింటరు కదలాలన్నా అన్నిటికీ పని పురమాయించేది అదే. మనకు తెలిసిన పేరు విండోస్.

ఈ సంగతి ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, విండోస్ 7కి కంపెనీ వారు 2020 జనవరి 14తో భద్రతా మరమ్మతులు ఆపేశారు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఆపేశారు. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబరు దాకా గడువిచ్చారు. పోనీ విండోస్ 11 వేద్దామా అంటే, దానికి 4 జి.బి. ర్యామ్ ఉండాలి, టి.పి.ఎం. 2.0 అనే రక్షణ చిప్పు ఉండాలి, ప్రాసెసరు కూడా కొత్త తరానిది కావాలి. 2011లోనో 2012లోనో కొన్న మన పెట్టెల్లో ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి! మరమ్మతులు ఆగిన విండోస్ తో ఇంటర్నెట్ లోకి వెళ్లి బ్యాంకు లెక్కలు చూసుకోవడమంటే గొళ్ళెం లేని తలుపు దగ్గరికి వేసి పడుకున్నట్టే.

మా ముత్తంగి చుట్టుపక్కల పాశమైలారం, ఇస్నాపూర్, పటాన్‌చెరు ఫ్యాక్టరీలలో షిఫ్టు డ్యూటీలు చేసే ఇళ్లే ఎక్కువ. కొత్త కంప్యూటరుకని ఒక్కసారిగా ముప్ఫై అయిదు, నలభై వేలు తీయడమంటే మాటలు కాదు. మా అమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. రెండో సంవత్సరం. ఎంసెట్, అదే ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, 2018 నుంచి కంప్యూటరు మీదే రాయాలి. మూడు గంటల్లో 160 ప్రశ్నలు! ఫోను మీద వేలితో తోయడమే తప్ప మౌస్ పట్టని పిల్లలు ఆ హాల్లోకి వెళ్లి అక్కడ నేర్చుకుంటారా? అందుకే మా ఇంట్లో ఆ పాత పెట్టె సంగతి తేల్చక తప్పలేదు. రిపేరు షాపులో చూపిస్తే, "అక్కా, దీని పనైపోయింది. ఎనిమిది వందలిస్త, ఇచ్చెయ్. కొత్తది తీస్కో" అన్నారు. డిప్లొమా చదివే మా చెల్లెలి కొడుకు మాత్రం మూత విప్పి, దుమ్ము దులిపి, "పెద్దమ్మా, బండి మంచిగనే ఉంది. దీనికి లినక్స్ వేస్తే ఉరుకుతది" అన్నాడు.

లినక్స్... అదేం పేరు?

సబ్బుపొడి పేరులా ఉందని నవ్వకండి. 1991లో ఫిన్లాండ్ దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు మొదలుపెట్టింది ఇది. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన సాఫ్ట్‌వేర్ అందరికీ స్వేచ్ఛగా అందాలని గ్నూ అనే పని తలకెత్తుకున్నారు. ఈ రెండూ కలిసి ఇప్పుడు మనం వాడుకునే లినక్స్ అయింది. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో లోపల నడిచేది కూడా లినక్స్ కెర్నెలే. కాబట్టి మీకు తెలియకుండానే మీరు రోజూ వాడుతున్నారు.

దీన్ని ఓపెన్ సోర్స్ అంటారు. మిఠాయి కొట్టు వాళ్లు మైసూర్‌పాక్ అమ్ముతారు గానీ కొలతలు చెప్పరు కదా! లినక్స్ కొలతలతో సహా ఇచ్చే వంటలాంటిది. ఎవరైనా తీసుకోవచ్చు, తమ ఇంటికి తగ్గట్టు ఉప్పూ కారం మార్చుకోవచ్చు, పది మందికీ పంచవచ్చు. గోంగూర పచ్చడి ఒకటే అయినా ఇంటికో తీరుగా చేసినట్టు, లినక్స్ కూడా వందల రకాలుగా తయారైంది. చిక్కంతా అక్కడే. ఇన్ని రకాల్లో మన పాత పెట్టెకి నప్పేది ఏది?

మన దగ్గరా ఈ పని జరిగింది. 2005లోనే స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసి విడుదల చేసింది. ఆ సంస్థ హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉంది. మాకు ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అదేమంత దూరం కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సి-డాక్ వారు బాస్ అనే భారతీయ లినక్స్ తయారుచేశారు. అందులో తెలుగు సహా మన భాషలున్నాయి. ఇక కేరళలో అయితే ప్రభుత్వ బడి పిల్లలు చాలా ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటున్నారు. పదో తరగతి ఐ.టి. ప్రాక్టికల్ పరీక్ష కూడా దాని మీదే. అక్కడి టీచరమ్మలు నేర్చుకుని చెప్పగలిగింది మనకు రాకుండా పోతుందా!

ముందు మీ పెట్టె జాతకం చూడండి

"మై కంప్యూటర్" బొమ్మ మీద మౌస్ కుడి బటను నొక్కి, ప్రాపర్టీస్ అన్నదాన్ని తెరవండి. రెండు సంగతులు కాగితం మీద రాసుకోండి. ఒకటి ర్యామ్ ఎంత, రెండు ప్రాసెసరు పేరేమిటి. ర్యామ్ అంటే వంటింటి గట్టు లాంటిది. గట్టు ఎంత వెడల్పుంటే అన్ని గిన్నెలు ఒకేసారి పరుచుకోవచ్చు. హార్డ్ డిస్క్ స్టోర్‌రూము. స్టోర్‌రూము ఎంత పెద్దదైనా గట్టు ఇరుకైతే వంట సాగదు.

అక్కడే 32 బిట్ అని కనబడితే నిరుత్సాహపడకండి. అది చాలాసార్లు లోపలున్న విండోస్ గురించి చెప్పే మాటే. ఆ రోజుల్లో షాపుల్లో 64 బిట్ యంత్రానికి కూడా 32 బిట్ విండోస్ వేసి ఇచ్చేవారు. ప్రాసెసరు పేరు కోర్ 2 డుయో అనో, ఐ3, ఐ5 అనో ఉంటే అది 64 బిట్ యంత్రమే. పాత పెంటియం 4ల్లో చాలావాటికి, మొదట్లో వచ్చిన చిన్న ఆటమ్ ల్యాప్‌టాప్‌లకి మాత్రమే నిజంగా 32 బిట్ బాధ. ఇది ఎందుకు చూసుకోవాలంటే, పేరున్న లినక్స్‌లు ఒక్కొక్కటీ 32 బిట్ ను వదిలేస్తున్నాయి. చాలా లినక్స్‌లకు తల్లివేరు లాంటి డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ రకంతో 32 బిట్ పీసీల ఇన్‌స్టాలేషన్ డిస్క్ ఇవ్వడం మానేసింది.

ఏది ఎవరికి?

మీ పెట్టెలో 4 జి.బి. ర్యామ్, 64 బిట్ ప్రాసెసరు ఉంటే కళ్లు మూసుకుని లినక్స్ మింట్ తీసుకోండి. అందులో సినమన్, మాటే, ఎక్స్.ఎఫ్.సి.ఇ. అని మూడు రకాలుంటాయి. మూడింటిలో తేలికైనది ఎక్స్.ఎఫ్.సి.ఇ. కింద ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం... విండోస్ 7కి అలవాటుపడ్డ చేయి వెతుక్కోనక్కర్లేదు. 22 వరుసలో వచ్చిన మింట్ కి 2029 దాకా మరమ్మతులు వస్తాయి. 2 జి.బి. ర్యామ్ ఉన్నా నడుస్తుందని వారే చెబుతారు, నడుస్తుంది కూడా, కానీ ఈడుస్తూ నడుస్తుంది.

సరిగ్గా 2 జి.బి. మాత్రమే ఉండి, పైసా ఖర్చు పెట్టే వీలు లేకపోతే లుబుంటు చూడండి. ఉబుంటు కుటుంబంలో చిన్న చెల్లెలు ఇది. తేలిక, శుభ్రం. రెండేళ్లకోసారి ఏప్రిల్ లో వచ్చే ఎల్.టి.ఎస్. రకాన్నే తీసుకోవాలి. దానికి మూడేళ్లు మరమ్మతులుంటాయి. మధ్యలో వచ్చేవి తొమ్మిది నెలలకే ముగిసిపోతాయి.

ఇక 1 జి.బి., అరజి.బి. ఉన్న మరీ పాత పెట్టెలు, నిజంగా 32 బిట్ అయినవి. వీటికి ఆంటిఎక్స్ ఉంది. 2023లో వచ్చిన ఆంటిఎక్స్ 23లో 32 బిట్ రకం ఇచ్చారు. 2003లో ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ మొదలుపెట్టిన పప్పీ అనే బుల్లి లినక్స్ కూడా ఉంది. అది మొత్తంగా ర్యామ్ లోకే ఎక్కి కూర్చుని నడుస్తుంది. హార్డ్ డిస్క్ పూర్తిగా పోయిన కంప్యూటరును కూడా పెన్‌డ్రైవ్ తో నడిపించవచ్చు! ముద్దుగానే ఉంటాయి గానీ, వీటి మెనూలు, పద్ధతులు కొత్తవాళ్లకు చిరాకు పుట్టిస్తాయి. ఇంట్లో ఓపిక ఉన్న కుర్రవాళ్లుంటేనే పెట్టుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎవరిని అడిగినా "అన్నిటికంటే తేలికైనది వేసెయ్" అంటారు. నాకు ఆ సలహా నచ్చదు. ఎందుకంటే బరువంతా ఆపరేటింగ్ సిస్టమ్ లో లేదు, ఇంటర్నెట్ చూసే బ్రౌజరులో ఉంది. తేలికైన లినక్స్ రెండు మూడు వందల ఎం.బి. ర్యామ్ తో సరిపెట్టుకుంటే, యూట్యూబ్ పేజీ ఒక్కటి అంతకంటే ఎక్కువ మింగేస్తుంది. మరీ తేలికైనదాని కోసం ఇల్లంతా అలవాటు మార్చుకుని, ఆ మిగిలిన కాస్తా యూట్యూబ్ కి ధారపోసినట్టవుతుంది. దానికంటే వాడడానికి సుఖంగా ఉండి, ఎక్కువ కాలం మరమ్మతులు వచ్చేది ఎంచుకుని, కాస్త ర్యామ్ పెంచుకోవడం మేలు. పాత డి.డి.ఆర్.3 ర్యామ్ సెకండ్‌హ్యాండ్ లో దొరుకుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్ లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అక్కడ రెండు మూడు కొట్లలో ధర అడిగి, మీ పెట్టెలోంచి తీసిన పాత ముక్కను చూపించి కొనండి. ఇంకాస్త పెట్టగలిగితే హార్డ్ డిస్క్ స్థానంలో చిన్న ఎస్.ఎస్.డి. వేయించండి. స్విచ్ వేశాక ఎదురుచూపులు తగ్గించడంలో దాన్ని మించింది లేదు.

మా పెట్టె ఐ3, 2 జి.బి. ర్యామ్. దానికి ఇంకో 4 జి.బి. తగిలించి మింట్ ఎక్స్.ఎఫ్.సి.ఇ. వేశాడు మావాడు. హార్డ్ డిస్క్ పాతదే. ఇప్పుడు స్విచ్ వేసిన ఒకటిన్నర నిమిషానికి మా అమ్మాయి నమూనా పరీక్ష పేజీ తెరుచుకుంటోంది.

కట్టుకునే ముందు భుజాన వేసి చూడండి

చీరల షాపులో భుజాన వేసుకుని అద్దంలో చూసుకోకుండా కొంటామా? లినక్స్ కి కూడా ఆ వీలుంది. దీన్ని లైవ్ పద్ధతి అంటారు. 8 జి.బి. పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కనుక ఖాళీది అయితే మంచిది. పని చేస్తున్న మరో కంప్యూటరులో లినక్స్‌మింట్ డాట్ కామ్ నుంచి ఫైలు దింపుకోవాలి. అది దాదాపు 3 జి.బి. ఉంటుంది. రోజుకు ఒకటిన్నర జి.బి. వచ్చే ఫోను రీచార్జితో సగంలో ఆగిపోతుంది కాబట్టి వైఫై ఉన్న బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు పెట్టుకోండి. రూఫస్ అనో బెలీనా ఎచర్ అనో ఉచిత ప్రోగ్రాములున్నాయి, వాటితోనే ఆ ఫైలును పెన్‌డ్రైవ్ లోకి ఎక్కించాలి. మామూలుగా కాపీ చేస్తే పని చేయదు.

తర్వాత పాత పెట్టెకి పెన్‌డ్రైవ్ పెట్టి, స్విచ్ వేయగానే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవోల్లో చాలావాటికి ఎఫ్12, హెచ్.పి. వాటికి ఎఫ్9. లినక్స్ నేరుగా పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది. మీ విండోస్ ను, మీ ఫైళ్లను ముట్టుకోదు. కొంచెం మెల్లగా ఉంటుంది, అది పెన్‌డ్రైవ్ తీరు, దాన్ని బట్టి తీర్పు చెప్పకండి. ఆ గంటలో చూసుకోవలసింది వైఫై వస్తోందా, పాటలు వినబడుతున్నాయా, తెలుగు అక్షరాలు సరిగ్గా కనబడుతున్నాయా, ప్రింటరు కదులుతోందా అన్నవే. వైఫై రాకపోతే ఫోనును ఛార్జింగ్ తీగతో కలిపి, ఫోనులో యు.ఎస్.బి. టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వచ్చేస్తుంది. ఏదీ నచ్చలేదా? ఆపేసి పెన్‌డ్రైవ్ తీసేయండి. మీ విండోస్ మీకే!

డి డ్రైవ్ దగ్గర జాగ్రత్త!

నచ్చింది, పూర్తిగా వేద్దామనుకున్నారు. అప్పుడు మాత్రం గండం ఇక్కడ ఉంది. మన ఇళ్లలో పెళ్లి ఫొటోలు, పిల్లల మొదటి పుట్టినరోజు వీడియోలు అన్నీ డి డ్రైవ్ లో ఉంటాయి. షాపులో విండోస్ మళ్లీ వేయించినప్పుడల్లా "సి మాత్రమే పోతుంది, డి అలాగే ఉంటుంది" అని చెప్పడం మనకు అలవాటు. లినక్స్ వేసేటప్పుడు "ఎరేజ్ డిస్క్" అనే మాట వస్తుంది. దానికి సరే అంటే సి, డి, ఇ అన్న తేడా లేదు, మొత్తం డిస్కే తుడిచిపెట్టుకుపోతుంది. సి, డిలు వేరు వేరు డబ్బాలని మనం అనుకుంటాం గానీ చాలా ఇళ్లలో అవి ఒకే డబ్బాలో గీసిన రెండు అరలు. మా కాలనీలో ఒకావిడ పోయిన అత్తగారి గొంతు ఉన్న ఒకే ఒక్క వీడియో అలా పోయింది. దాన్ని ఎవరు తెచ్చిస్తారు?

అందుకని, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా సరే, ముందుగా ఫొటోలు, సర్టిఫికెట్లు అన్నీ వేరే హార్డ్ డిస్క్ లోకి కాపీ చేయండి. చేశాక దాన్ని మరో కంప్యూటరుకు పెట్టి, నాలుగు ఫొటోలు తెరిచి చూడండి. అవి తెరుచుకున్నాకే తర్వాతి అడుగు. విండోస్ కూడా ఉంచుకోవాలంటే "ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్" అన్నది ఎంచుకుంటే స్విచ్ వేసినప్పుడల్లా ఏది కావాలో అడుగుతుంది. అలా చేసినా కాపీ తప్పనిసరే.

ఇంకో మాట. ఎవరైనా వేసి పెడితే వాళ్ల శ్రమకు డబ్బివ్వండి, న్యాయం. "సాఫ్ట్‌వేర్ ఖరీదు" అని వేరే అడిగితే మాత్రం ఇవ్వకండి. ఈ లినక్స్‌లకి ఖరీదు లేదు.

అందరికీ నప్పుతుందా?

నప్పదు. ఇంట్లో కూర్చుని ట్యాలీ లెక్కలు రాసేవారుంటే విండోస్ ఉంచుకోవాలి. అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ తో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు డి.టి.పి. చేసే చెల్లెళ్లు కూడా అంతే. అవన్నీ విండోస్ కోసం చేసినవి. కొన్ని లేజర్ ప్రింటర్లు లినక్స్ తో బాగా సతాయిస్తాయి, హెచ్.పి. వాటిలో చాలావరకు తమంతట తామే కలిసిపోతాయి. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రేఆఫీస్ వస్తుంది, అది ఉచితం. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు అందులో తెరుచుకుంటాయి, ఎప్పుడైనా వరసలు కాస్త అటూ ఇటూ అవుతాయి. మా పొదుపు సంఘం పద్దులు ఇప్పుడు నేను అందులోనే వేస్తున్నాను. ఎవరు ఎంత కట్టారో, వడ్డీ ఎంతో కూడిక తప్పకుండా వస్తోంది.

తెలుగు సంగతికి వస్తే, కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే చాలు. ప్రభుత్వ పద్ధతి ఇన్‌స్క్రిప్ట్ ఉంది. ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణతో కొట్టే కగప అనే పద్ధతీ ఉంది, మొదట్లో అదే సులువు. పోతన, వేమన అని మన కవుల పేర్లతో ఉన్న అక్షరాలు లినక్స్ వారి ఉచిత కొట్టులోనే దొరుకుతాయి. మెనూలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచుకోండని నా సలహా. ఏదైనా చిక్కొచ్చి ఎవరినైనా అడిగితే "సెట్టింగ్స్ లోకి వెళ్లండి" అంటారు గానీ "అమరికలు" అంటే వాళ్లకే తెలియదు!

ఇంత చెప్పినా కంప్యూటరు నిజంగానే లేవకపోతే పాత సామాన్ల బండికి మాత్రం వేయకండి. లావుపాటి పాత మానిటర్ల గాజులో సీసం ఉంటుంది. రాగి కోసం తీగలు కాల్చితే వచ్చే పొగ విషం. పటాన్‌చెరు వాళ్లకి ఇది ఒకరు చెప్పాలా! నక్కవాగు నీళ్లు, బోర్ల నీళ్లు ఏమయ్యాయో, 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా ఎలా వెళ్లిందో ఇక్కడి పెద్దవాళ్లందరికీ తెలుసు. ఈ-వ్యర్థాలను గుర్తింపు ఉన్న రీసైక్లింగ్ వారికే ఇవ్వాలి. ఇచ్చే ముందు హార్డ్ డిస్క్ తీసి ఇంట్లో పెట్టుకోండి, అందులో మీ బ్యాంకు కాగితాలుంటాయి.

చివరగా, మింట్ వేసుకున్న వారికి. కింద కుడి మూలన చిన్న డాలు బొమ్మ ఉంటుంది. దాని మీద చుక్క కనబడితే కొత్త మరమ్మతులు వచ్చాయని అర్థం. వారానికోసారి, శనివారం దేవుడి గది తుడిచినట్టు, దాన్ని తెరిచి "ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" నొక్కండి. పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు కొడుతున్నప్పుడు తెర మీద అక్షరాలు కాకుండా చుక్కలే పడతాయి, భయపడకండి. పని పూర్తయ్యేదాకా స్విచ్ తీయకూడదు. అందుకని కరెంటు పోయే వేళలు చూసుకుని మొదలుపెట్టండి.